పొగ గొట్టం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

టూ-స్ట్రోక్ బండ్ల మీద నువ్వు రాసింది చదివాను. ‘సైలెన్సర్ ఎంత ఖాళీగా ఉంటే పవర్ అంత పెరుగుతుంది’ అన్న వాక్యం కొట్టెయ్. హనుమకొండలో ఏ పిల్లగాడో అది నమ్మి లోపలి గొట్టం పీకించుకుంటే చప్పుడే పెరుగుతుంది. మర్నాడు ‘బండి గుంజుతలేదన్నా’ అని మెకానిక్ దగ్గరికొస్తాడు. ఎందుకు గుంజదో నీ వ్యాసం చెప్పాలి.

సిలిండర్ గోడలో పొగ బయటికి పోయే రంధ్రం ఎగ్జాస్ట్ పోర్టు. దానికి పిస్టనే తలుపు. అది తెరిచి ఉన్నంతసేపూ కాలిన పొగతో పాటు కొత్త పెట్రోల్-గాలి మిశ్రమం కూడా కొంత జారిపోతుంది. పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి గొట్టంలోకి ఉరుకుతుంది. గొట్టం గరాటులా విచ్చుకునే చోటు నుంచి తిరిగొచ్చేది లాగే అల. అది సిలిండర్లో మిగిలిన పొగను గుంజేస్తుంది. చివర సన్నబడే కోన్ నుంచి వచ్చేది తోసే అల. భద్రకాళి చెరువు కట్టకు తగిలి మళ్లిన నీటిలా వచ్చి, జారిపోయిన మిశ్రమాన్ని పోర్టు మూసుకునేలోపు లోపలికి నెడుతుంది. ముందు లాగుడు, తర్వాత తోపుడు. లోపలి గొట్టం పీకేస్తే ఈ అలల లెక్క తప్పుతుంది, అందుకే బండి గుంజదు. నీ పేరాలు కూడా ఇదే వరుసలో నడవాలి.

ఒక్క లెక్క చేసి చూపించు. 8000 ఆర్‌పీఎం, పోర్టు 180 డిగ్రీలు, అంటే క్రాంక్ సగం చుట్టు తిరిగేంతసేపు తెరిచి ఉంటుందనుకో. అలకు దొరికేది 3.75 మిల్లీసెకన్లు. వేడి పొగలో దాని వేగం సెకనుకు సుమారు 518 మీటర్లు. పోనురాను 1.94 మీటర్లు, అంటే పిస్టన్ నుంచి కోన్ మధ్య దాకా దాదాపు 97 సెంటీమీటర్లు. అదే 6000 దగ్గర కావాలంటే 129.

రీడ్ వాల్వ్‌ను ఒక్క వాక్యంలో దాటేశావు, అన్యాయం. మిశ్రమాన్ని లోపలికే పోనిచ్చే రేకుల తలుపు అది. పాత యెజ్డీ బండిలో మిశ్రమం లోపలికొచ్చే ఇన్‌టేక్‌కూ పిస్టనే తలుపు కాబట్టి తక్కువ స్పీడులో మిశ్రమం వెనక్కి తన్నుతుంది. ఆర్‌ఎక్స్ 100లో రేకులు దాన్ని ఆపుతాయి. ఆ రేకులను వెలుతురుకు పట్టి చూడమను. అంచు చిట్లినా, సందు బాగా కనబడినా కార్బురేటర్ పెట్రోల్ ఉమ్ముతుంది, కిక్కులు కొట్టీ కొట్టీ కాలు పడిపోతుంది.

ఇలా విచ్చుకుని మళ్లీ సన్నబడే గొట్టానికి ‘విస్తరణ కోష్ఠం’ వద్దు, ఎక్స్‌పాన్షన్ చాంబర్ అనే రాయి. ‘పిస్టన్ అతుక్కుంది’ కాదు, ‘ఇంజన్ పట్టేసింది’.

గొట్టం మార్చాక కార్బురేటర్లో పెట్రోల్ కొలిచే మెయిన్ జెట్ చూసుకోవాలన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. పెట్రోల్ తగ్గి మిశ్రమం పలచబడితే ప్లగ్ తెల్లబడుతుంది, పిస్టన్ కాలుతుంది. ప్లగ్ కాఫీ రంగులో ఉండాలి. పొగ బయటికి పోయే చివరి తోక గొట్టం మరీ సన్నగా పెట్టినా, కార్బన్‌తో పూడినా వేడి లోపలే నిలిచి అదే గతి. ఈ పేరా చేర్చి మళ్లీ పంపు.