చలికాలంలో బాగా నడిచిన ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువ స్పీడ్‌లో నడపడం) ఎండాకాలం రాగానే ఎందుకు క్రాష్ అవతా ఉంది?

గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు వేడెక్కుద్ది కాబట్టి, డిసెంబర్లో నిలబడిన స్పీడ్ నెల్లూరు రోహిణి కార్తెలో నిలబడదు, అంతేగానీ చిప్ పాడైపోయిందని కంగారు పడొద్దు. ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ ఎంత ఖరీదుదైనా, ఫ్యాన్‌దైనా లిక్విడ్‌దైనా, దాన్ని గదిలో గాలికంటే చల్లగా మాత్రం చెయ్యలేదు.

ఉదాహరణకి గది 25 డిగ్రీలున్నప్పుడు ఫుల్ లోడ్‌లో ప్రాసెసర్ 82కి వెళ్లిందనుకోండి, మేలో ఏసీ లేని గది 38 అయితే అదే సెట్టింగ్‌లో 95 దగ్గరికి పోద్ది. చాలా ఇంటెల్ చిప్‌లు 100 దగ్గర వాటంతట అవే స్పీడ్ తగ్గించుకుంటాయి, కానీ వేడి మీద అదే స్పీడ్ పట్టడం చిప్‌కి కష్టం కాబట్టి అంతకు ముందే బ్లూ స్క్రీన్ వచ్చి కంప్యూటర్ ఆగిపోవచ్చు.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, క్రాష్ అయింది కదా అని వోల్టేజ్ పెంచేస్తారు. వేడి వోల్టేజ్ స్క్వేర్‌కి (వోల్టేజ్‌ని దాంతోనే గుణిస్తే వచ్చేదానికి) తగ్గట్టు పెరుగుద్ది, 1.20 వోల్ట్‌ల నుంచి 1.35కి పెంచితే స్పీడ్ అంతే ఉన్నా కరెంటు ఖర్చు, వేడి దాదాపు 27 శాతం ఎక్కువ. దానికి బదులు స్పీడ్ 200 మెగాహెర్ట్జ్ తగ్గించి, వోల్టేజ్ కూడా కొంచెం కొంచెంగా దించి, రాత్రి చల్లగా ఉన్నప్పుడు కాకుండా మధ్యాహ్నం మూడింటికి స్ట్రెస్ టెస్ట్ (ప్రాసెసర్ మీద పూర్తి పని భారం వేసి చూసే పరీక్ష) పెట్టి చూడండి.