నాటకాల్లో ఆడ ఆర్టిస్టులకే ఎక్కువ డబ్బులంట కదా, నిజమేనా?

మీకు ఆ మాట చెప్పినాయన కచ్చితంగా ఏదో ఊళ్లో కృష్ణుడి వేషం కట్టినోడే అయ్యుంటాడు. మా అనంతపురం పల్లెల్లో మగవాళ్లు చందాలేసుకొని, హార్మోనియం మాస్టర్ని పెట్టుకొని సరదాకి నాటకం నేర్చుకుంటారు. ద్రౌపదికి, చంద్రమతికి మాత్రం టౌను నుంచి మమ్మల్ని మాట్లాడుకుంటారు. అందుకే డబ్బులు తీసుకునేది మేమే అన్నట్టు వాళ్ల కళ్లకు కనపడుతుంది. హార్మోనియం ఆయనకిచ్చేది సంభావన, మాకిచ్చేది మాత్రం రేటు!

రెండేళ్ల కిందట శివరాత్రికి ఉరవకొండ వైపు ఒక పల్లెలో హరిశ్చంద్ర ఆడినాం. హరిశ్చంద్రులు ముగ్గురు: అడవి సీనుకొకరు, కాశీ సీనుకొకరు, కాటి సీనుకొకరు. చంద్రమతిని మాత్రం నేనొక్కదాన్నే, రాత్రి పదిన్నర నుంచి తెల్లారి నాలుగున్నర దాకా. లోహితాస్యుడు ఆ ఊరి పిల్లోడే. పాము కరవకముందే నిజంగా నిద్రపోయినాడు. వాడి చొంగ నా భుజం మీద కారుతుంటేనే పద్యం ఎత్తుకున్నా. వన్స్‌మోర్ అన్నారు. అంతలో ఒకాయన తాగి స్టేజీ ఎక్కి, వంద నోటు నా పైటకు తానే పిన్నీసుతో గుచ్చుతానని మీదికొచ్చినాడు. పిల్లోణ్ణి అడ్డం పెట్టుకొని, "అన్నా, వీని చొక్కాకు పెట్టు" అన్నా. చచ్చినోనికి చదివింపులేందని జనమంతా ఒకటే నవ్వు.

పొద్దున లెక్క చూస్తే 3,500కు మాట్లాడుకున్నది 2,800 చేతిలో పెట్టినారు. ఏందన్నా ఇది అంటే, "ఒక్క వేషమే కదమ్మా, పైగా సీను చెడగొడితివి" అన్నాడు కాంట్రాక్టరు. కాటి హరిశ్చంద్రుణ్ణి కూడా మాలాగే బయట నుంచి పిలిపించినారు. గంటన్నర పాడినందుకు ఆయనకు 5,000. స్టేజీ ఎక్కిన తాగుబోతును ఎవరూ ఒక్క మాట అనలేదు.

మగవాళ్లకు కిరీటాలు, డ్రస్సులు ఊరోళ్లే బాడుగకు తెప్పిస్తారు. నా చీరలు, నగలు, మేకప్పు అన్నీ నావే. ఇంతకుముందు బస్సు ఛార్జీ అన్నా ఇచ్చేవాళ్లు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసినప్పటి నుంచి "నీకు టికెట్ లేదు కదమ్మా" అని అదీ కోసేసినారు. తెల్లారి నాలుగున్నరకు పల్లెకు ఏ బస్సొస్తుంది? ఆటోకు నేనే పెట్టుకోవాల.

ఇంక వయసు సంగతి. అరవై దాటిన కృష్ణుణ్ణి నేను చూసినా. ఆయన పక్కన మాత్రం ముప్పై దాటిన సత్యభామ వద్దంటారు. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని ఆ కాలంలోనే పట్టుబట్టిన నాటక నటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మా తాడిపత్రిలోనే. ఆయన పుణ్యమా అని స్టేజీ ఎక్కినాం సరే, రేటు మాట్లాడేదానికి ఇంకో రాఘవ పుట్టాల.

ఈ శివరాత్రికి అదే ఊరి నుంచి ఫోనొచ్చింది. ముగ్గురు హరిశ్చంద్రులున్నారు కదా, ముగ్గురు చంద్రమతుల్ని పెట్టుకోండన్నా, నేను అడవి దాకా ఆడి ఒంటిగంటకు పోతా అన్నా. "కనుక్కొని చెప్తాంలేమ్మా" అన్నారు. మళ్లీ చేయలేదు.