బోర్డులోకి కొత్తగా వచ్చినవారికి

ట్రాన్స్‌జెండర్ న్యాయవాదుల సంఘం బోర్డుకు ఎన్నికైన మీ అందరికీ,

చాలా సంతోషంగా ఉంది. అభినందనల సందడి తగ్గకముందే మీ చేతికి సభ్యుల జాబితా వస్తుంది. దాన్ని తెరిచే ముందు నా నాలుగు మాటలు చదవండి. బోర్డు చెయ్యాల్సిన పనులు చాలానే ఉన్నాయి. నన్నడిగితే ఆ పేర్లను కాపాడటం వాటన్నిటికంటే ముందు.

వేరే న్యాయవాదుల సంఘాల్లో సభ్యుల జాబితా బయటికి పొక్కితే పెద్ద నష్టమేమీ ఉండదు. మన జాబితాలో పేరుందంటేనే ఒక మనిషి జీవితం గురించి చెప్పేసినట్టు. ఇంట్లో చెప్పుకుని సీనియర్ దగ్గర చెప్పనివాళ్ళుంటారు. కోర్టులో అందరికీ తెలిసినా ఇంట్లో తెలియనివాళ్ళుంటారు. డిగ్రీ పట్టా మీద ఒక పేరు, బార్ కౌన్సిల్ గుర్తింపు కార్డు మీద ఇంకో పేరు ఉన్నవాళ్ళూ ఉంటారు.

బ్రిటన్‌కు చెందిన ట్రాన్స్ మహిళ క్రిస్టీన్ గుడ్విన్ కేసు మీరు చదివే ఉంటారు. 2002 జులైలో యూరప్ మానవ హక్కుల కోర్టు బ్రిటన్‌ను తప్పుపట్టిన తీర్పు అది. దాన్నుంచి వ్యక్తిగత జీవితం, వివాహం అనే రెండు హక్కులనే అందరూ ఉటంకిస్తారు. మీరు మాత్రం వాస్తవాల భాగం మళ్ళీ చదవండి. కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె తన నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (అక్కడ ప్రతి ఉద్యోగికీ ఉండే సామాజిక బీమా నంబరు) ఇవ్వాల్సి వచ్చింది. ఆ నంబరు పట్టుకునే యజమాని తన గతం కూపీ లాగారనీ, తర్వాత తోటివాళ్ళు మాట్లాడటం మానేశారనీ ఆమె కోర్టుకు చెప్పుకున్నారు. ఒక్క నంబరు చాలింది. మన దగ్గరున్నవి పేర్లు, ఫొటోలు, పాత సర్టిఫికెట్ల జిరాక్సులు.

అందుకే మొదటి సమావేశంలోనే అడగండి: జాబితా ఎక్కడుంది, ఎవరెవరు చూడగలరు, పని అయిపోయిన జిరాక్సులు ఇంకా ఎందుకున్నాయి, చందా కట్టినప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో సంఘం పూర్తి పేరు పడుతోందా. ప్రతి సభ్యుణ్ణీ, సభ్యురాలినీ ఉత్తరానికి ఏ పేరు వాడాలో, ఫోన్లో ఏ పేరుతో పిలవాలో విడివిడిగా అడగాలి. ఇవి గుమాస్తా పనులు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఒక వార్షిక సమావేశానికి గుమ్మం దగ్గర హాజరు పుస్తకం పెట్టారు. ఒక జూనియర్ లాయర్ పెన్ను తీసుకుని, పైనున్న సంతకాలన్నీ చదివి, పెన్ను మళ్ళీ పుస్తకం మధ్యలో పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. పై వరసలో ఆమె ఆఫీసులోనే పనిచేసే మరో లాయర్ సంతకం ఉంది. ఆ తర్వాత నుంచి మనిషికో చీటీ ఇచ్చాం. సంతకం చేసి పెట్టెలో వేస్తే కార్యదర్శి ఒక్కరే లెక్క చూసుకుంటారు. కోరానికి అది చాలు.

సభ్యత్వ దరఖాస్తు కూడా తీసి చూడండి. 2012లో అర్జెంటీనా దేశం, డాక్టరు సర్టిఫికెట్టు గానీ కోర్టు ఉత్తర్వు గానీ అక్కర్లేకుండానే పెద్దవాళ్ళు తమ జెండర్‌ను రికార్డుల్లో మార్చుకోవచ్చని చట్టం చేసింది. ఆపరేషన్ జరిగిందా అని అడగొద్దని ప్రభుత్వాలతో వాదించే మనం, అదే ప్రశ్న మన ఫారంలో ఇంకో రూపంలో అడుగుతుంటే వెంటనే కొట్టేయండి. ఎవరు ‘అసలు’ ట్రాన్స్ అన్న చర్చ మొదలైతే అధ్యక్షస్థానంలో ఉన్నవారు అక్కడికక్కడే ఆపాలి. దాన్ని సాగనిచ్చిన సంఘం నిలబడగా నేను చూడలేదు.

రాత్రిళ్ళు ఫోన్లొస్తాయి. ఉద్యోగం పోయిందనో, పోలీస్ స్టేషన్లో ఉన్నాననో చెబుతారు. తప్పకుండా మాట్లాడండి. కానీ బోర్డు సభ్యులుగా విన్నది వేరు, వకాలత్ పుచ్చుకుని విన్నది వేరు. మొదటిదానికి క్లయింటు గోప్యత వర్తిస్తుందన్న భరోసా లేదు. ఆ మాట మొదటి నిమిషంలోనే చెప్పి, మంచి లాయరుకు అప్పజెప్పండి. మీరే ఆ కేసు తీసుకుంటే, బోర్డులో దాని మీద ఓటు వెయ్యకుండా తప్పుకుని, తప్పుకున్నట్టు మినిట్స్‌లో రాయించండి.

లెక్కల సంగతి కోశాధికారికే వదిలెయ్యకండి. మూడు నెలలకోసారి మీ కళ్ళతో చూడండి.

ఇక కేసులు. ఫలానా కేసులో సంఘం కూడా ఇంప్లీడ్ కావాలని, అంటే ఒక పక్షంగా చేరాలని, గడువు రెండు రోజులే ఉందనగా అడుగుతారు. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించిన భారత సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ నాల్సా తీర్పు మళ్ళీ తెరవండి. కేసు వేసింది జాతీయ న్యాయసేవల సంస్థే (నాల్సా) అయినా, ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త లక్ష్మీనారాయణ్ త్రిపాఠి అందులో చేరి తన బతుకు తానే చెప్పుకోబట్టి అది తీర్పులోకెక్కింది. మన వాదన ఎంత పదునుగా ఉన్నా, ఆ మనిషి ఒప్పుకున్నారా, తన గురించి ఏ వివరం రాయొద్దన్నారు అని ముందు అడగాలి.

కేసు నడిచినంత కాలం ఆ మనిషి ఎలా ఉన్నారో కనుక్కుంటూ ఉండాలి. అమెరికాలో ట్రాన్స్ మహిళ ఎయిమీ స్టీఫెన్స్‌ను, ఇకపై మహిళగానే పనికి వస్తానని చెప్పినందుకు, అంత్యక్రియల సంస్థ ఉద్యోగంలోంచి తీసేసింది 2013లో. సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది 2020 జూన్ 15న. ఆమె అంతకు నెల ముందే, మే 12న కన్నుమూశారు. గెలుపు సంబరాల్లో ఈ తేదీలు మర్చిపోకండి. కేసు ఖర్చుతోపాటు ఇంటద్దెకు, మందులకు కూడా ఏదైనా నిధి ఉంచగలమా అని బోర్డు ఆలోచించాలి.

ఓటమికి కూడా సిద్ధపడాలి. 2024 డిసెంబరులో చేజ్ స్ట్రాంజియో, ట్రాన్స్ పిల్లల వైద్యాన్ని నిషేధించిన టెనెసీ రాష్ట్ర చట్టానికి వ్యతిరేకంగా అమెరికా సుప్రీంకోర్టులో వాదించారు. బాహాటంగా ట్రాన్స్ అని చెప్పుకున్న న్యాయవాది అక్కడ వాదించడం అదే మొదటిసారి. ఆ రోజు ఎంతమంది జూనియర్లు గుండె నింపుకున్నారో! 2025 జూన్‌లో తీర్పు వ్యతిరేకంగా వచ్చింది. పెద్ద తీర్పు రానుందంటే వారం ముందే రెండు ప్రకటనలు రాసి పెట్టుకోండి. ఓడిన రోజు ఎవరూ నిదానంగా రాయలేరు. ఆ రోజు మొదటి ఫోన్ పత్రికలకు కాదు, కక్షిదారుకు వెళ్ళాలి. అది మీలో ఎవరు చేస్తారో ముందే పేరు రాసుకోండి.

ప్రేమతో,
బోర్డులో మీకు ముందు పనిచేసిన ఒక పెద్ద