అద్దెకున్న షాపు, 'ఎఫ్' రేటింగు: కొనొచ్చా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. లెస్టర్‌లో ఒక షాపు చుట్టుపక్కల వాటికన్నా తక్కువ ధరకే వస్తోంది. అందులో ఇప్పటికే అద్దెకు ఒకరున్నారు, లీజు ఇంకా నాలుగేళ్లుంది. కానీ ఈపీసీ (భవనం ఎంత తక్కువ కరెంటు, గ్యాసుతో నడుస్తుందో 'ఎ' నుంచి 'జి' దాకా చెప్పే సర్టిఫికెట్) రేటింగు 'ఎఫ్'. 'మినహాయింపు ఉంది, ఏం టెన్షన్ లేదు' అంటున్నారు ఓనరు. కొనమంటారా?

జవాబు: ఆ ఒక్క మాట మీద కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ చేసుకోకండి (అంటే కొనుగోలుకు కట్టుబడిపోకండి). మినహాయింపు నిజంగానే ఉన్నా అది ఆయనదే. షాపుతో పాటు మీకు రాదు.

'ఇ' కన్నా తక్కువ రేటింగున్న వాణిజ్య స్థలాన్ని 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా లీజుకివ్వకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత లీజులకూ ఇదే వర్తిస్తోంది. అద్దెదారు ఉండగానే షాపు కొన్నవారికి ఆరు నెలల వెసులుబాటు ఉంది, అదీ ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేసుకుంటేనే. ఉల్లంఘన మూడు నెలలు దాటితే జరిమానా రేటబుల్ వాల్యూలో (వ్యాపార పన్ను కోసం షాపుకు కట్టే విలువలో) 20 శాతం దాకా వేయొచ్చు. అది 10,000 పౌండ్లకన్నా తక్కువైతే 10,000 దాకా వేయొచ్చు. చిన్న షాపులకు దెబ్బ ఇక్కడే. రేటబుల్ వాల్యూ 12,000 అయితే 20 శాతమంటే 2,400 పౌండ్లే, కానీ జరిమానా 10,000 దాకా పోవచ్చు!

అలాగని వదిలేసుకోమనను. ముందు సర్టిఫికెట్ తేదీ చూడండి. అది పదేళ్లు చెల్లుతుంది కాబట్టి, ఆ తర్వాత మార్చిన లైట్లు, హీటింగ్ అందులో లెక్కకు వచ్చి ఉండవు. పైగా వివరాలకు ఆధారాలు చూపకపోతే అసెసర్ (ఈపీసీ లెక్కగట్టే నిపుణుడు) వాడే సాఫ్ట్‌వేర్ మీకు కలిసిరాని అంచనాలే వేసుకుంటుంది. పాత బిల్లులు, బాయిలర్ కాగితాలు ఓనరు దగ్గర వెతికించండి. కొనకముందే అసెసర్‌తో కొత్త రేటింగుకు డ్రాఫ్ట్ లెక్క వేయించుకోండి. షాపుల్లో ఎల్‌ఈడీ లైట్లతోనే 'ఇ'కి చేరిన సందర్భాలున్నాయి. అదే మీ అదృష్టమైతే, ఆ 'తక్కువ ధర' నిజంగానే తక్కువ. పనులకు పెద్ద ఖర్చు తేలితే ఆ మొత్తం ధరలోంచి తగ్గించమనండి. ఓనరు కాదంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

పనులకు పెట్టే ఖర్చు ఏడేళ్ల కరెంటు, గ్యాసు ఆదాతో తిరిగి రాదని కొటేషన్లతో చూపగలిగితే ఐదేళ్ల మినహాయింపు మీ పేరుతోనే తీసుకోవచ్చు. కానీ ఆ ధీమాతో కొనడం నాకు నచ్చదు. 2030 నాటికి 'బి' తప్పనిసరి చేయాలని ప్రభుత్వం గతంలో ప్రతిపాదించింది. అది చట్టం కాలేదు గానీ, రేపు మీ దగ్గర కొనేవారు దాన్ని చూపి బేరమాడతారు.

అద్దెదారు లోపల ఉండగా పనులు చేయించే హక్కు లీజులో మీకుందా, ఖర్చులో వాళ్ల వాటా ఉందా అన్నది మీ సొలిసిటర్‌ను (లాయరును) రాతపూర్వకంగా అడగండి.