‘ప్లెడ్జ్ అయ్యానమ్మా’ అంటున్నాడు, నాకు భయంగా ఉంది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా అబ్బాయి ఇంటర్ అవగానే డిగ్రీ చదవడానికి ఆగస్టులో పెన్సిల్వేనియా వెళ్ళాడు. జనవరిలో ఏదో ఫ్రటర్నిటీలో చేరుతున్నానని, ‘ప్లెడ్జ్ అయ్యానమ్మా’ అని సంతోషంగా చెప్పాడు. అప్పట్నుంచి పిల్లాడు పిల్లాడిలా లేడు. ఎప్పుడు చూసినా నిద్రమొహం, అడిగితే ‘ఎవరికీ చెప్పకూడదమ్మా’ అంటాడు. మొన్న వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు, ఫోన్ చేతిలో ఉండగానే చటుక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తర్వాత కాల్ కట్ అయిపోయింది. మా వారేమో ‘మా కాలంలో ర్యాగింగ్ లేదా, మగపిల్లాడు ఆ మాత్రం తట్టుకోవాలి’ అంటున్నారు. నేనే అతిగా టెన్షన్ పడుతున్నానా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: చెల్లీ, అతిగా పడటం లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడని రాశారే, ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇరవై ఏళ్ళ పైన లేడీస్ హాస్టల్లో వార్డెన్‌గా చేశాను, అలా నిలబడటం ఎక్కడ నేర్పిస్తారో నాకు తెలుసు.

ముందు ఫ్రటర్నిటీ అంటే ఏమిటో మీ వారికి చెప్పండి. గ్రీకు అక్షరాలతో పేర్లు పెట్టుకున్న విద్యార్థి సంఘాలు అవి, మగపిల్లలవి ఫ్రటర్నిటీలు, ఆడపిల్లలవి సొరోరిటీలు. చాలావాటికి సొంత ఇళ్ళుంటాయి. కొత్తగా చేరేవాణ్ణి కొన్ని వారాలపాటు ప్లెడ్జ్ అంటారు. అన్నీ చెడ్డవని నేను అనను, సేవా కార్యక్రమాలు చేసేవి ఉన్నాయి, పాత సభ్యుల పరిచయాలతో ఉద్యోగాలు వచ్చినవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ కొన్ని వారాల్లో ‘నువ్వు మాలో ఒకడివేనని నిరూపించుకో’ అంటూ పెట్టే పరీక్షలున్నాయి చూశారా, వాటినే హేజింగ్ అంటారు. నిద్ర పోనివ్వకపోవడం, అర్ధరాత్రి పనులకు పంపడం, అవమానించడం, కొట్టడం, అన్నిటికన్నా ఎక్కువగా బలవంతంగా తాగించడం. సొరోరిటీల్లో దెబ్బలు తక్కువ కావచ్చు గానీ ఆడపిల్లల ఒంటి గురించి అనే మాటలు, ఒంటరిని చేసి ఏడిపించడం తక్కువేం కాదు.

2017 ఫిబ్రవరిలో మీ అబ్బాయి ఉన్న ఆ రాష్ట్రంలోనే, పెన్ స్టేట్ యూనివర్సిటీలో, 19 ఏళ్ళ కుర్రాడు ఫ్రటర్నిటీలో చేరిన రాత్రే చనిపోయే పరిస్థితికి వచ్చాడు, తర్వాత దక్కలేదు. 82 నిమిషాల్లో 18 సార్లు మందు పోశారు. బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి పడ్డాడు, పైకి మోసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు. వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిరిగి ఉండాలని, పుస్తకాలు నింపిన బ్యాగు వీపుకు తగిలించారు. అంటే ప్రాణం మీదికి రావచ్చని వాళ్ళకి తెలుసు! తెలిసీ తెల్లారేదాకా, దాదాపు 12 గంటలు, ఎవరూ అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యలేదు. ఇదంతా ఆ ఇంటి కెమెరాల్లో రికార్డయింది. నాకు ఆ మందుకన్నా ఆ 12 గంటలే ఎక్కువ భయం వేస్తాయి చెల్లీ. ఇంటినిండా కుర్రాళ్ళే, ఒక్కరి చెయ్యీ ఫోన్ మీదికి పోలేదు, ఎందుకంటే సంఘం పరువు పోతుంది, సంఘం గుర్తింపు పోతుంది, సీనియర్ ఏమంటాడో.

‘మా వాడు తాగడు, పైగా మన దేశం పిల్లలున్న సంఘమేలే’ అని కూడా నిశ్చింతగా ఉండకండి. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీ విద్యార్థిని ఆసియా పిల్లల ఫ్రటర్నిటీ వాళ్ళే పెన్సిల్వేనియాలోని పోకొనో కొండలకి తీసుకెళ్ళారు. కళ్ళకు గంతలు కట్టి, ఇసుక నింపిన బరువైన బ్యాగు వీపున వేసి, గడ్డకట్టిన నేల మీద నడిపిస్తూ మళ్ళీ మళ్ళీ కింద పడేశారు. తలకు దెబ్బ తగిలి స్పృహ పోతే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా బట్టలు మార్చారు, లక్షణాలు ఇంటర్నెట్‌లో వెతుక్కుంటూ కూర్చున్నారు. ఆ పిల్లాడు దక్కలేదు. తర్వాత కోర్టు ఆ సంఘాన్నే దోషిగా తేల్చి, పదేళ్ళు పెన్సిల్వేనియాలో కనబడకూడదని నిషేధించింది.

మీ వారి మాటకి ఇదే నా జవాబు. తట్టుకోవడానికి ఇది జ్వరం కాదు. పెన్ స్టేట్ కుర్రాడి పేరుతోనే 2018లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. ‘వాడే ఒప్పుకున్నాడు’ అంటే ఆ చట్టం ముందు చెల్లదు, ప్రాణం పోయినా పెద్ద గాయమైనా చేసినవాళ్ళకి ఏడేళ్ళదాకా జైలు పడవచ్చు.

ఇప్పుడు అబ్బాయితో ఎలా మాట్లాడాలి? దయచేసి ‘రేపే బయటికి వచ్చెయ్’ అని అరవకండి, మళ్ళీ నోరు విప్పడు. నిద్ర ఎన్ని గంటలు, రాత్రి ఫోన్ ఎవరి దగ్గర ఉంటోంది, ఎంత డబ్బు కట్టావు, ఇలా చిన్నచిన్నవి అడగండి. కట్టిన డబ్బు పోయినా ఫర్వాలేదు, మధ్యలో మానేసినా మేం ఏమీ అనం అని మీరూ మీ వారూ ఇద్దరూ కలిసి చెప్పండి. చాలామంది పిల్లలు ఇంట్లో తిడతారనే ఆగిపోతారు. ఒక రూమ్మేట్ నంబర్ మీ దగ్గర పెట్టుకోండి. 2024 డిసెంబర్‌లో అమెరికాలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం, ఏ సంఘం హేజింగ్‌కి పాల్పడినట్టు తేలిందో కాలేజీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. మీ అబ్బాయి చేరిన సంఘం పేరు అందులో ఉందేమో ఇద్దరూ కలిసి చూడండి. క్యాంపస్‌లో డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు ఉంటుంది, విదేశీ విద్యార్థుల ఆఫీసు వేరే ఉంటుంది.

ఇంకొకటి మాత్రం అబ్బాయికి కంఠతా వచ్చేలా చెప్పండి. తాగి పడుకున్నవాడు లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించి మధ్యలో ఆగుతున్నా, ఒళ్ళు చల్లబడి పెదవులు నీలంగా మారినా, ‘పడుకుంటే దిగిపోతుంది’ అనుకోకూడదు. తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్నది రక్తంలో కలుస్తూనే ఉంటుంది. కాఫీ, చన్నీళ్ళ స్నానం ఏమీ పనిచెయ్యవు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, అక్కడి అత్యవసర నంబర్ 911కి ఫోన్ చెయ్యాలి. వీసా ఏమవుతుందోనన్న భయం ఆ నిమిషంలో వద్దు. సాయం కోసం ఫోన్ చేసినవాళ్ళకి తాగిన కేసు నుంచి మినహాయింపు ఇచ్చే చట్టాలు అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. మిగతాది లాయరుతో తర్వాత మాట్లాడుకోవచ్చు.

నేను ఎందుకింత చెబుతున్నానంటే, ఒకసారి రాత్రి రెండింటికి హాస్టల్ మెట్ల దగ్గర ఒక ఫస్టియర్ అమ్మాయి రెండు బకెట్ల నిండా తడి జీన్స్ ప్యాంట్లు మోసుకుంటూ కనబడింది. ‘ఎవరివమ్మా ఇన్ని?’ అంటే ‘నావే మేడమ్’ అంది. ఎనిమిది జతలు, ఒక్కోటి ఒక్కో సైజు. నేను నమ్మినట్టు నటించి వెళ్ళి పడుకున్నాను. వారం తిరక్కుండా వాళ్ళ నాన్నగారు వచ్చి పెట్టె సర్దుకుని తీసుకెళ్ళిపోయారు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు, నావైపు చూడను కూడా లేదు.

ప్రశ్న: మేడమ్, నేను ఘట్‌కేసర్ దగ్గర ఇంజినీరింగ్ సెకండియర్. పోయినేడాది సీనియర్లు మమ్మల్ని ఇంట్రో పేరుతో చాలా ఏడిపించారు. ఇప్పుడు మా బ్యాచ్ వాళ్ళు జూనియర్లను రూమ్‌కి పిలుస్తున్నారు. నేను వద్దంటే ‘మనం పడ్డాం కదా, వాళ్ళూ పడాలి’ అంటున్నారు. ఒక జూనియర్ మూడు రోజులుగా మెస్‌కి రావడం లేదు. కంప్లయింట్ ఇస్తే నన్ను బ్యాచ్‌లోంచి వెలేస్తారు.
– పేరు వద్దు

జవాబు: బాబూ, మనం పడ్డాం కదా అన్న ఆ మాటతోనే ఇది ఏటికేడు నడుస్తోంది. అమెరికా అయినా ఘట్‌కేసర్ అయినా అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ ఉంది. ఏడిపించినందుకే ఆరు నెలల జైలు పడవచ్చు, తీవ్రంగా గాయపరిస్తే ఐదేళ్ళదాకా. కంప్లయింట్ వచ్చినా పట్టించుకోని ప్రిన్సిపాల్ కూడా నేరానికి తోడ్పడినట్టే లెక్క. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం మీ కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉండి తీరాలి. బ్యాచ్ భయం ఉంటే 1800-180-5522కి ఫోన్ చెయ్యి, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు.

అవన్నీ రేపు పొద్దున. ఇది చదవగానే ఆ జూనియర్ గదికి వెళ్ళు. తలుపు తియ్యకపోతే వెంటనే వార్డెన్‌ని పిలువు, తీస్తే తిన్నాడో లేదో అడిగి కాసేపు పక్కన కూర్చో. మెస్ మూసేసే టైమ్ అయితే పెరుగన్నం పార్సిల్ కట్టించుకుని వెళ్ళు.