ఆపరేటర్ గది కబుర్లు: రీళ్ళు దాచినవాళ్ళు

ప్రశ్న: కెమెరా ఒక ఆయుధం అని మా లెక్చరర్ గారు పదే పదే అంటారు. తుపాకీ ముందు కెమెరా ఎప్పుడైనా నెగ్గిందా సార్?
– డిగ్రీ విద్యార్థిని, జగిత్యాల

జవాబు: ఆ పూటకి నెగ్గదమ్మా. 1973 జూన్ 29న చిలీ రాజధాని శాంటియాగోలో, అధ్యక్షుడు అయ్యెందే ప్రభుత్వం మీద సైన్యంలో ఒక వర్గం ట్యాంకులతో తిరగబడింది. స్వీడన్ టీవీకి పనిచేస్తున్న లియొనార్డో హెన్రిక్సెన్ వీధిలో నిలబడి చిత్రీకరిస్తున్నాడు. సైనికుడొకడు నేరుగా లెన్సు మీదికే పిస్తోలు పేల్చాడు. ఆయన కెమెరా ఆపలేదు. బొమ్మ ఊగింది, ఒరిగింది, అంతే. తన చావును తనే తీసి పెట్టి పోయాడు.

తెనాలిలో ఇరవై రెండేళ్ళు ప్రొజెక్టర్ నడిపినవాణ్ణి. ఆ ముక్కను మొదటిసారి హైదరాబాదులో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేస్తే ప్రేక్షకుల్లో కూర్చుని చూశాను. బొమ్మ ఒరగగానే, మిషన్లో ఏదో తేడా వచ్చిందనుకుని నా కుడిచెయ్యి ఫ్రేము సరిచేసే పిడి కోసం గాలిలో తడుముకుంది. పక్కనున్నాయన నన్ను వింతగా చూశాడు.

ఆ దృశ్యాన్ని చిలీ దర్శకుడు పాట్రిసియో గుజ్మాన్ తన మూడు భాగాల డాక్యుమెంటరీ 'బ్యాటిల్ ఆఫ్ చిలీ' మొదటి భాగం చివర పెట్టాడు. ఆ సినిమా తీసిన బృందం ఐదుగురు. ఒక 16 ఎం.ఎం. కెమెరా, ఒక నాగ్రా టేపు రికార్డరు. ముడిఫిల్ము దొరక్కపోతే ఫ్రాన్సు నుంచి అక్కడి దర్శకుడు క్రిస్ మార్కర్ పంపాడు. అదే ఏడాది సెప్టెంబరు 11న అయ్యెందేను కూలదోసి, సైన్యాధిపతి పినోచెట్ సైన్యం గద్దెనెక్కింది. గుజ్మాన్‌ను పట్టుకెళ్ళి నేషనల్ స్టేడియంలో నిర్బంధించారు. రీళ్ళు మాత్రం దొరకలేదు. వాటిని బంధువు ఇంట్లో దాచి, స్వీడన్ రాయబార కార్యాలయం ద్వారా ఓడ ఎక్కించి స్టాక్‌హోమ్ చేర్చారు. ఎడిటింగ్ క్యూబాలో జరిగింది.

మా రోజుల్లో ఒక్క సినిమా బాక్సును బస్సు మీదికి ఎక్కించడానికి ఇద్దరం కావలసొచ్చేది, కండక్టరు సణుగుడు అదనం. అందుకే ఈ కథలో నాకు ముందు కనబడేది రీళ్ళ బరువు, వాటిని దాచిన ఇల్లు. తీసినవాడి ధైర్యం గురించి అందరూ రాస్తారు.

గుజ్మాన్ బృందంలో కెమెరా పట్టిన హోర్హె ముల్లర్‌ను, ఆయన సహచరి కార్మెన్ బ్యూనోను 1974 నవంబరులో రహస్య పోలీసులు ఎత్తుకుపోయారు. ఇవాళ్టికీ జాడ లేదు. మూడో భాగం 1979కి పూర్తయితే, చిలీలో ఒక టీవీ ఛానెల్ ఆ సినిమాను ప్రసారం చేసింది 2021లో.

అందుకే ఆయుధమనే మాట నాకు నప్పదు. నన్నడిగితే అది ప్రామిసరీ నోటు. బాకీ వసూలు కాకపోయినా నోటు ఎవరి దగ్గరో ఉందని తెలిస్తే బాకీదారుకి నిద్ర పట్టదు. మన నోటుకి మూడేళ్ళకే కాలదోషం పడుతుంది, దీనికి ఆ బెడద కూడా లేదు. మీ లెక్చరర్ గారితో చెప్పు, ఆయన కోప్పడితే నా పేరు చెప్పు.

ప్రశ్న: మన తెలుగు సినిమా ఎప్పుడైనా పెద్దలకు కోపం తెప్పించిందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: 1939లోనే తెప్పించింది మాష్టారూ. గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' జమీందారీ మీద ఎక్కుపెట్టిన సినిమా. రైతుగా వేసింది బళ్ళారి రాఘవ. తమాషా ఏమిటంటే, సారథి సంస్థ వెనక ఉన్న చల్లపల్లి రాజా స్వయానా జమీందారు! ఇంటిగుట్టు లంకకు చేటని తోటి జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల నిషేధం పడింది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. దానికి సినిమానే కారణమని నేననను, రైతులు చేసిన పోరాటం చిన్నదేం కాదు.

ప్రశ్న: మా ఏటిలో రాత్రిపూట ఇసుక ఎత్తుతున్న లారీల్ని ఫోనులో తీశాను. డిలీట్ చెయ్యమని ఒత్తిడి చేస్తున్నారు.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: బాబూ, అసలు ఫైలును కత్తిరించకు, దాని మీద పాట వెయ్యకు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ రేవులో తీశావో కాగితం మీద విడిగా రాసుకో. ఒక కాపీ పెన్ డ్రైవులో వేసి నమ్మకస్తులకివ్వు. ఆ ఇల్లు మీ ఊళ్ళో ఉండకూడదు. మళ్ళీ ఏటి దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్ళకు.