పాఠకుల ప్రశ్నలు: జాంగో అప్‌గ్రేడ్ ఏ వరసలో, సాయం ఎలా అడగాలి?

ప్రశ్న: మా వెబ్ అప్లికేషన్ జాంగో 2.2 (వెబ్‌సైట్లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్క్), పైథాన్ 3.7, పోస్ట్‌గ్రెస్ 11 డేటాబేస్ మీద నడుస్తోంది. టెస్టులు దాదాపు లేవు. కొత్త పైథాన్ వేసుకుని నేరుగా జాంగో 5.2 ఇన్‌స్టాల్ చేసి చూస్తే స్క్రీన్ నిండా ఎర్రర్లు. ఒకటి సరిచేస్తే ఇంకోటి. ఏ వరసలో వెళ్లాలి?

జవాబు: జాంగోలో ఏదైనా తీసేసే ముందు కనీసం రెండు ఫీచర్ వెర్షన్ల పాటు హెచ్చరిక ఇస్తారు. ఫలానాది పోతుంది, దాని బదులు ఇది వాడండి అని ఆ హెచ్చరికే చెబుతుంది. మీరు నేరుగా దూకడంతో ఆ హెచ్చరికలున్న వెర్షన్లన్నీ వెనకే ఉండిపోయాయి. మిగిలింది ‘ఇంపోర్ట్ దొరకలేదు’ అనే మొండి ఎర్రర్ ఒక్కటే.

కాబట్టి దీర్ఘకాల సపోర్ట్ ఉన్న వెర్షన్లనే మెట్లుగా పెట్టుకోండి: 2.2 నుంచి 3.2, అక్కడి నుంచి 4.2, ఆ తర్వాత 5.2. వీటికి మూడేళ్ల చొప్పున సెక్యూరిటీ సవరణలు వస్తాయి. 2.2 గడువు 2022 ఏప్రిల్‌లోనే ముగిసింది, 5.2కి 2028 ఏప్రిల్ దాకా ఉంది. ఒక మెట్టు మీద హెచ్చరికలన్నీ తుడిచేస్తే, పద్ధతి ప్రకారం తీసేసినవేవీ తర్వాతి మెట్టు మీద మీకు అడ్డు రావు. పద్ధతికి బయట మారేవీ కొన్ని ఉంటాయి, వాటి సంగతి కింద.

ఒక అడుగులో ఒక్కటే మార్చండి. పైథాన్, జాంగో, డేటాబేస్ మూడూ ఒకే రోజు మారిస్తే తప్పు ఎక్కడుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. మీ విషయంలో వరస ఇలా ఉంటుంది. ముందు 2.2 లోనే చివరి ప్యాచ్‌కి వెళ్లండి, ఎందుకంటే పైథాన్ 3.9 సపోర్ట్ 2.2.17 నుంచే వచ్చింది. తర్వాత పైథాన్ 3.9. తర్వాత జాంగో 3.2. అక్కడ ఆగి పోస్ట్‌గ్రెస్‌ను 14కి మార్చండి. 4.2కి కనీసం 12 కావాలి, 5.2కి కనీసం 14 కావాలి, రెండుసార్లు మార్చే బదులు ఒక్కసారితో పోతుంది. ఆపైన జాంగో 4.2, దాని మీద ఉండగానే పైథాన్ 3.12, చివర్లో జాంగో 5.2. పైథాన్ 3.10లో కలెక్షన్స్ మాడ్యూల్‌లోని పాత పేర్లు కొన్ని పోయాయి, 3.12లో డిస్ట్‌యూటిల్స్ మొత్తంగా పోయింది. పాత ప్యాకేజీలు ఎక్కువగా కూలేది ఈ రెండు చోట్లే.

ఈ దారిలో ఒక పాత గుంట ఉంది. జాంగో 2.2 మీద ఉన్నంతకాలం పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే డ్రైవర్ సైకోపీజీ2ని 2.8 దగ్గరే కట్టేయండి. పొరపాటున 2.9 వస్తే ‘డేటాబేస్ కనెక్షన్ యూటీసీలో లేదు’ అని అప్లికేషన్ ఆగిపోతుంది. టైమ్‌జోన్ సెట్టింగుల్లో ఎంత వెతికినా కారణం కనబడదు, అది డ్రైవర్ వెర్షన్ గొడవ. 3.2కి చేరాక 2.9 వేసుకోవచ్చు.

టెస్టులు లేవన్నారు. అన్నీ రాయనక్కర్లేదు. యూఆర్ఎల్ జాబితాలోని ప్రతి పేజీనీ ఒకసారి లాగిన్ కాకుండా, ఒకసారి అడ్మిన్‌గా తెరిచి, 500 (సర్వర్ ఎర్రర్) రాకుండా ఉందో లేదో చూసే టెస్ట్ ఒక్కటి చాలు మొదలెట్టడానికి. డబ్బు, పాస్‌వర్డ్, ఫైల్ అప్‌లోడ్ ఉన్న చోట్లకు మాత్రం విడిగా రాయండి. తర్వాత పైథాన్‌ను ‘మైనస్ డబ్ల్యూ ఏ’ ఆప్షన్‌తో పిలిచి టెస్టులు నడపండి. మామూలుగా పైథాన్ దాచిపెట్టే హెచ్చరికలన్నీ అప్పుడు బయటికొస్తాయి. ఫైల్ దారిలో ‘సైట్-ప్యాకేజెస్’ అని ఉంటే అది మీ కోడ్ కాదు, ఆ ప్యాకేజీని అప్‌డేట్ చేస్తే పోతుంది. మీ కోడ్‌లోని సాదా మార్పులకు ‘జాంగో-అప్‌గ్రేడ్’ అనే టూల్ ఉంది. దాని మార్పుల్ని మాత్రం విడి కమిట్‌గా (గిట్‌లో ఒకసారి భద్రపరిచే మార్పుల మూటగా) ఉంచండి, చేతి మార్పులతో కలిపితే రివ్యూ చేసేవాళ్లకు నరకం.

ఇక హెచ్చరిక లేకుండా మారినవి. 3.0లో ‘జాంగో యూటిల్స్ సిక్స్’ లాంటి పైథాన్ 2 నాటి సాయాలు చెప్పాపెట్టకుండా పోయాయి, అవి సొంత వాడకానికి పెట్టుకున్నవన్న కారణంతో. అదే వెర్షన్‌లో పేజీని ఐఫ్రేమ్‌లో చూపించవచ్చో లేదో చెప్పే ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ డీఫాల్ట్ ‘సేమ్ ఆరిజిన్’ నుంచి ‘డినై’కి మారింది. మీ పేజీలోనే మీ పేజీని ఐఫ్రేమ్‌లో చూపిస్తుంటే అక్కడ ఖాళీ డబ్బా కనిపిస్తుంది, సర్వర్ లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. ప్రతి వెర్షన్ విడుదల నోట్స్‌లో ‘వెనకటితో పొసగని మార్పులు’ అనే భాగం ఉంటుంది. మెట్టు మధ్యలో దాటేసిన 3.0, 3.1 లాంటి వాటివి కూడా చదవాలి.

3.2లో ‘మోడల్స్ డబ్ల్యూ042’ అనే హెచ్చరిక వరదలా వస్తుంది. ప్రైమరీ కీ రకం చెప్పలేదని దాని ఫిర్యాదు. నోట్స్ చూసి డీఫాల్ట్ ఆటో ఫీల్డ్ సెట్టింగ్‌లో ‘బిగ్ ఆటో ఫీల్డ్’ అని రాసేసి మేక్‌మైగ్రేషన్స్ కొడితే, మోడల్ మోడల్‌కీ (డేటాబేస్ టేబుల్‌ను వర్ణించే క్లాస్) ఐడీ కాలమ్ మార్చే మైగ్రేషన్, అంటే డేటాబేస్ మార్పు ఫైల్, పుడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇంటీజర్‌ను బిగ్‌ఇంట్‌గా మార్చడమంటే టేబుల్ మొత్తాన్ని తిరగరాయడం. అది అయ్యేదాకా ఆ టేబుల్‌ను చదవడం కూడా కుదరదు. పెద్ద టేబుల్ అయితే సైట్ ఆగినట్టే. అంతకంటే చికాకు ఇంకొకటుంది: ప్రైమరీ కీ రకాన్ని సొంతంగా చెప్పుకోని బయటి ప్యాకేజీల మోడల్స్‌కీ మైగ్రేషన్ ఫైళ్లు తయారై, సైట్-ప్యాకేజెస్ లోపల పడతాయి. అవి మీ గిట్‌లో ఉండవు. వాటి మీద ఆధారపడిన మీ మైగ్రేషన్ సర్వర్‌కి వెళ్లి ‘నోడ్ దొరకలేదు’ అంటుంది. అందుకని అప్‌గ్రేడ్ రోజుల్లో ఆ సెట్టింగ్‌లో పాత ‘ఆటో ఫీల్డ్’ అనే రాయండి. హెచ్చరిక పోతుంది, డేటాబేస్ కదలదు. నిజంగా ఐడీలు రెండు వందల కోట్లు దాటే టేబుల్ ఉంటే దాన్నొక్కదాన్నే తర్వాత తీరిగ్గా మార్చుకోండి.

ప్రశ్న: 4.2కి వెళ్లాక లాగిన్ పనిచేయడం లేదు. ‘అర్జెంట్, అప్‌గ్రేడ్ తర్వాత సైట్ పనిచేయట్లేదు, దయచేసి సాయం చేయండి’ అని జాంగో వాడేవాళ్లను అడిగాం, స్క్రీన్‌షాట్ కూడా పెట్టాం. వారమైనా ఎవరూ పలకలేదు. అడగడంలో ఏమైనా తప్పుందా?

జవాబు: తప్పేం లేదు గానీ, మీ ప్రశ్నకు జవాబిచ్చే వీలే లేదు. చదివినవాళ్లు ముందు మిమ్మల్నే పది ప్రశ్నలు అడగాలి. జీతం లేకుండా ఖాళీ దొరికినప్పుడు చూసేవాళ్లు ఆ పది ప్రశ్నల బదులు పక్క ప్రశ్నకు వెళ్లిపోతారు. మీ సమస్యనే ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి:

‘జాంగో 4.2, పైథాన్ 3.11. ముందు ఎన్జిన్ఎక్స్ వెబ్ సర్వర్ ఉంది, హెచ్‌టీటీపీఎస్ అక్కడే ముగుస్తుంది. 3.2 మీద లాగిన్ ఫారం పనిచేసేది. ఇప్పుడు పోస్ట్ చేస్తే 403 (అనుమతి లేదు). లాగ్‌లో ‘ఆరిజిన్ చెకింగ్ ఫెయిల్డ్’ అని మా సైట్ అడ్రసే చూపిస్తోంది. సొంత మెషీన్ మీద రన్‌సర్వర్‌తో బాగానే ఉంది. టెస్టులన్నీ పాసవుతున్నాయి. కుకీలు చెరిపి చూశాం, వేరే బ్రౌజర్‌లో చూశాం, తేడా లేదు.’

ఇందులో ప్రతి వాక్యమూ ఒక అనుమానాన్ని తీసేస్తోంది. తెలిసినవాళ్లు ఐదో వాక్యం దగ్గరే జవాబు పట్టేస్తారు. 4.0 నుంచి జాంగో, రిక్వెస్ట్ ఏ సైట్ నుంచి వచ్చిందో బ్రౌజర్ చెప్పే ఆరిజిన్ హెడర్‌ను కూడా చూస్తుంది. బ్రౌజర్ ‘హెచ్‌టీటీపీఎస్’ అంటుంది. ఎన్జిన్ఎక్స్ వెనక ఉన్న జాంగోకు రిక్వెస్ట్ వచ్చేది మాత్రం మామూలు హెచ్‌టీటీపీలో. రెండూ కలవక 403. మందు రెండు రకాలు. ఒకటి, సీఎస్ఆర్ఎఫ్ (వేరే సైట్ దొంగచాటుగా పంపించే రిక్వెస్ట్) ట్రస్టెడ్ ఆరిజిన్స్ సెట్టింగ్‌లో మీ సైట్ పేరు రాయడం. 4.0 నుంచి ముందు హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి రూపం రాయాలి, పాత పద్ధతిలో ఉత్త పేరు రాస్తే చెల్లదు. రెండోది, అసలు సరైనది: సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ సెట్టింగ్ పెట్టి, ఎన్జిన్ఎక్స్ ఆ హెడర్‌ను ప్రతిసారీ తానే నింపేలా చూడడం. బయటివాళ్లు పంపిన ఆ హెడర్‌ను ఎన్జిన్ఎక్స్ అలాగే లోపలికి వదిలితే కొత్త రంధ్రం తెరిచినట్టే, అది మరవద్దు.

టెస్టులు ఎందుకు పట్టలేదంటారా? జాంగో టెస్ట్ క్లయింట్ సీఎస్ఆర్ఎఫ్ తనిఖీని మామూలుగా ఆపేసి నడుస్తుంది. క్లయింట్ తయారుచేసేటప్పుడు ‘ఎన్‌ఫోర్స్ సీఎస్ఆర్ఎఫ్ చెక్స్’ ఆన్ చేస్తే తప్ప ఆ దారి పరీక్షకు రాదు.

స్క్రీన్‌షాట్ వద్దు. ట్రేస్‌బ్యాక్‌ను (ఎర్రర్ ఏ దారిన వచ్చిందో పైథాన్ ఇచ్చే జాబితా) పైనుంచి కిందిదాకా టెక్స్ట్‌గా పెట్టండి. స్క్రీన్‌షాట్‌లోంచి ఎవరూ కాపీ చేసి వెతకలేరు, పైగా అసలు కారణం చాలాసార్లు మధ్యలో, ‘పై ఎర్రర్ వల్లే ఇది వచ్చింది’ అన్న వాక్యానికి పైన ఉంటుంది. పెట్టేముందు ఒకసారి కళ్లతో చదవండి. డీబగ్ పేజీ సెట్టింగుల్లో కీ, పాస్, సీక్రెట్, టోకెన్ లాంటి మాటలున్న పేర్ల విలువల్ని చుక్కలతో కప్పేస్తుంది గానీ, ఫంక్షన్లలోని లోకల్ వేరియబుల్స్‌ను డీబగ్ ఆన్‌లో ఉండగా కప్పదు. పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల వివరాలు అక్కడి నుంచే బయటపడతాయి. ఒకవేళ జాంగో సంతకాలకు వాడే సీక్రెట్ కీ బయటికెళ్లిపోతే వెంటనే మార్చేయండి. 4.1 నుంచి ఉన్న సీక్రెట్ కీ ఫాల్‌బ్యాక్స్‌లో పాతది పెడితే ఎవరూ లాగౌట్ కారు నిజమే, కానీ బయటపడిన కీని అక్కడ ఉంచితే మార్చిన ప్రయోజనమే ఉండదు. లాగౌట్ కానివ్వండి.

కారణం మీ కోడ్‌లోనా, జాంగోలోనా అని తేలకపోతే కొత్త ప్రాజెక్ట్ తెరిచి, ఒక మోడల్, ఒక వ్యూ పెట్టి, తప్పును అందులో రప్పించండి. సగంసార్లు ఈ పనిలోనే జవాబు దొరికిపోతుంది, అడిగే అవసరమే ఉండదు. అక్కడా తప్పు వస్తే జాంగో సోర్స్ దింపుకుని కమిట్లను సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ నడపండి. మధ్యలో వెయ్యి కమిట్లున్నా పది అడుగుల్లో దోషి కమిట్ దొరుకుతుంది. ఆ కమిట్ పేరుతో రాసిన బగ్ టికెట్‌ను పక్కన పెట్టేవాళ్లు అరుదు.

ప్రశ్న: మేం వాడే ఒక ప్యాకేజీకి మూడేళ్లుగా కొత్త విడుదల లేదు. 5.2 మీద నడవదు. మేమే ఫోర్క్ చేసుకోవాలా (కాపీ తీసి సొంతంగా నడుపుకోవాలా), దాన్ని చూసుకునే మెయింటైనర్‌ను అడగాలా?

జవాబు: ముందు అది నిజంగా ఆగిపోయిందా చూడండి. విడుదల లేకపోయినా మెయిన్ బ్రాంచ్‌లో సవరణ అయిపోయి ఉండొచ్చు, లేదా ఎవరో పంపిన పుల్ రిక్వెస్ట్ (కలుపుకోమని పంపే మార్పు) మెర్జ్ కాక పడి ఉండొచ్చు. అలా ఉంటే అక్కడి నుంచే ఇన్‌స్టాల్ చేయండి, కానీ బ్రాంచ్ పేరుతో కాకుండా పూర్తి కమిట్ హ్యాష్‌తో కట్టేయండి. బ్రాంచ్ రేపు మారొచ్చు, ఎల్లుండి మాయమవ్వచ్చు.

ఏమీ లేకపోతే మీరే సవరించి పంపండి. ఐదు వందల లైన్ల పుల్ రిక్వెస్ట్ ఒకటి పంపితే ఎవరూ చూడరు. మొదటిది: టెస్టులు కొత్త జాంగో, పైథాన్ వెర్షన్ల మీద కూడా నడిచేలా సీఐ (ప్రతి మార్పుకూ టెస్టుల్ని తానే నడిపే ఏర్పాటు) జాబితా పెంచడం. అది ఎర్రగా మారి ఏమేం విరిగాయో తానే చూపిస్తుంది. తర్వాత విరిగిన ఒక్కోదానికీ ఒక్కో చిన్న పుల్ రిక్వెస్ట్. పాత వెర్షన్ల సపోర్ట్ తీసేయడం, కోడ్ ఫార్మాటింగ్ మార్చడం లాంటివి అందులో కలపకండి.

‘మెయింటైనర్ హక్కులు మాకివ్వండి’ అని మొదటి ఉత్తరంలోనే అడగొద్దు. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో, చాలాకాలం నమ్మకంగా పనిచేసి హక్కులు పొందిన మనిషే 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టినట్టు బయటపడింది. ఆ తర్వాత ఏ మెయింటైనర్ అయినా కొత్త మనిషికి తాళాలివ్వడానికి వెనకాడితే తప్పు పట్టలేం.

ప్యాకేజీని పూర్తిగా వదిలేసే ముందు దానికి మోడల్స్ ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే మీ మైగ్రేషన్లు దాని మైగ్రేషన్ల మీద ఆధారపడి ఉంటాయి. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోంచి పేరు తీసేసిన మరుక్షణం అవి విరుగుతాయి. కోడ్‌ను మీ ప్రాజెక్ట్‌లోకే తెచ్చుకుంటే యాప్ లేబుల్ మార్చకండి, టేబుల్ పేర్లూ మైగ్రేషన్ చరిత్రా అలాగే నిలుస్తాయి. లైసెన్స్ ఫైల్‌ను కూడా వెంట తెచ్చుకోవాలి.

ప్రశ్న: కోడ్ రాసేంత తీరిక లేదు. అయినా జాంగోకు ఏమైనా చేయొచ్చా?

జవాబు: రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకు ముందు వచ్చే పరీక్ష వెర్షన్) వచ్చినప్పుడు మీ టెస్టులు దాని మీద ఒకసారి నడిపి, విరిగింది రాయండి. గంట పని. కొత్తగా ఎనిమిది నెలలకొకసారి ఫీచర్ వెర్షన్ వస్తుంది, కాబట్టి ఏడాదికి ఒకటి రెండు గంటలు. పాత వెర్షన్‌లో పనిచేసి కొత్తదాంట్లో విరిగినదాన్ని విడుదలకు అడ్డంగా లెక్కేసి ముందు చూస్తారు. అదే బగ్ ఏడాది తర్వాత చెబితే మామూలు వరసలో పడుతుంది. మీ సంస్థ డబ్బు ఇవ్వగలిగితే జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు ఇవ్వండి. టికెట్లు చూసి, విడుదలలు చేసే ఫెలోలకు జీతం ఇచ్చేది ఆ ఫౌండేషనే.

ప్రశ్న: అప్‌గ్రేడ్ చేస్తుండగా సెక్యూరిటీ లోపంలా అనిపించేది ఒకటి కనబడింది. బగ్ టికెట్ వేయమంటారా?

జవాబు: వద్దు. టికెట్లు అందరికీ కనిపిస్తాయి. జాంగో సెక్యూరిటీ టీమ్‌కు ఉన్న ప్రత్యేక ఈమెయిల్‌కు మాత్రమే పంపండి, అడ్రస్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఉంది. తప్పు రప్పించే చిన్న కోడ్ జత చేయండి. సవరణ విడుదలయ్యేదాకా మీ సొంత రిపాజిటరీ అందరికీ కనిపించేదైతే కమిట్ సందేశంలో కూడా దాని ప్రస్తావన రానివ్వకండి.